ఫిబ్రవరి ఆరు నాటి వేలిముద్ర

తిరుపతి,
22 నవంబరు 1981

ఆదిమూలం అన్నకు, జ్ఞానాంబ రాసేది.

"రోజంతా నంబర్లు ఏసే పనంట, అదేం ఆసుపత్రమ్మా, లాటరీ ఆఫీసా?" అని మునిరత్నమ్మ వదిన నవ్విందని రాశావు. ఈ జాబు ఆమెకు నువ్వే చదివి వినిపించు. రోగి ఇంటికి పోయాక అతని కేసు షీటు మా రికార్డుల గదికి వస్తుంది. డాక్టరు రాసిన జబ్బుకు లావుపాటి పుస్తకంలో నంబరు వెతికి, ఎర్ర సిరాతో అట్ట మీద వేస్తాను. దెబ్బ తగిలి వచ్చినవాళ్ళకు రెండు నంబర్లు: ఏది విరిగింది అని ఒకటి, ఎలా విరిగింది అని ఒకటి. ఆ నంబరు ప్రకారం కార్డు రాసి సొరుగులో పెడతాను. పదేళ్ళ తర్వాత ఎవరైనా వచ్చి "ఆటల్లో దెబ్బలు తగిలినవాళ్ళు ఎంతమంది?" అని అడిగితే, ఆ సొరుగు లాగి చెప్పగలను. అదీ నా లాటరీ.

ఆటల దెబ్బలకు 917.0. యంత్రాల దెబ్బలకు 919. ఈ రెండూ నాకు నిద్రలో కూడా వస్తాయి. చిక్కంతా కొండ మెట్లతోనే. మోకాళ్ళ మిట్ట దగ్గర జారిపడినవాళ్ళు వారానికి నలుగురైనా వస్తారు. మెట్ల మీద పడడానికి ఒక నంబరుంది, వినోదానికి పోయి పడడానికి ఒకటుంది. మొక్కుబడికి ఎక్కుతూ పడితే? ఆ పుస్తకం రాసినవాళ్ళు మన కొండ చూడలేదు. ఎముకల డాక్టరు శ్రీమన్నారాయణగారిని అడిగితే, "మెట్లని రాయమ్మా, ఆ స్వామిని ఆటల్లోకి లాగొద్దు" అన్నారు.

నీ ఎడమచెయ్యి ఒక్కటి చాలు మా పుస్తకానికి. చూపుడువేలు కొస వంకర వాలీబాల్‌ది, అది 917.0. బొటనవేలికి అడ్డంగా ఉన్న గాటు, చిన్నప్పుడు నాయనతో చెరకు నరుకుతూ కొడవలి తగిలించుకున్నది. దానికి వేరే నంబరు. ఆటలో తగిలిన దెబ్బ ఎలా ఉంటుందో నేను నీ వేలు చూసే నేర్చుకున్నాను.

మీ క్లబ్బు ఎలా ఉంది? ఈసారైనా చిత్తూరు టీమును ఓడించారా?

జ్ఞానం


ఫ్యాక్టరీ కాలనీ, చిత్తూరు తాలూకా,
13 డిసెంబరు 1981

జ్ఞానాకు,

ఓడించాం. పదిహేను-పదకొండు, పదిహేను-తొమ్మిది. మా చిన్నబ్బ ఎడమచేత్తో కొట్టిన స్మాషులు అవతలివాళ్ళకు కనిపించనే లేదు. వాడు మిల్లు దగ్గర చెరకు రోలర్లలోకి తోసే మనిషి. చదువు లేదు, సంతకం రాదు. నెట్టు దగ్గర మాత్రం దొర. కుడివైపు కాచుకుని నిలబడిన ఆటగాణ్ణి చూసి, "అబ్బా, నువ్వు ఆడ నిలబడు, నేను ఈడ ఏస్తా" అని చెప్పి మరీ వేస్తాడు. ఈ ఫ్యాక్టరీలో నేను వెల్ఫేర్ ఆఫీసరుగా చేసిన మంచిపని ఏదైనా ఉంటే ఆ కోర్టు వేయించడమే.

ఇక మే నెల దాకా ఆట లేదు. డిసెంబరు మూడున గానుగ మొదలైంది. మూడు షిఫ్టులు, బండ్ల వరస రోడ్డెక్కింది. నెట్టు విప్పించి గోనెసంచిలో కట్టి అటక మీద పడేయించాను. గానుగ కాలంలో మావాళ్ళకు తిని పడుకోవడానికే సమయం ఉండదు, ఇంక ఎగిరేదెక్కడ.

వదినకు నీ లాటరీ సంగతి చదివి వినిపించాను. "అయితే మీ అన్న నోటికి ఏం నంబరో అడుగు" అంటోంది.

ఆదిమూలం


ఫ్యాక్టరీ కాలనీ,
7 ఫిబ్రవరి 1982

చి. జ్ఞానాంబకు,

మా కార్మికుడు చిన్నబ్బ ఈ నెల అయిదో తేదీ ఉదయం మీ ఆసుపత్రిలో చేరాడు. వాలీబాల్ ఆడుతుండగా ఎడమచేతికి గాయమైంది. ఈ విషయం వివరంగా రాసి, ఫ్యాక్టరీ తరపున నా సంతకంతో మీ సూపరింటెండెంటుకు పంపాను. చిన్నబ్బ ఇచ్చిన వాఙ్మూలం, అతని వేలిముద్రతో, దానికి జతపరచాను. రెండూ కేసు షీటులో చేరేటట్టు నువ్వు శ్రద్ధ తీసుకోవాలి. అతను ఇంటికి వచ్చేలోగా కాగితాలు తేలిపోతే అందరికీ మంచిది.

ఇంతకన్నా రాయడానికి తీరిక లేదు.

ఆదిమూలం


తిరుపతి,
2 మార్చి 1982

అన్నకు,

నీ జాబు చూసి భయపడ్డాను. నువ్వు నన్ను ఎప్పుడూ 'చిరంజీవి' అని రాయవు.

చెప్పినట్టే చేశాను. చిన్నబ్బ ఇరవై ఏడున ఇంటికి పోయాడు. మణికట్టు దాకా చెయ్యి లేదన్నా. చేరిన రోజే తీసేశారు. మొదట చూసిన చిన్న డాక్టరు "చెయ్యి నలిగింది" అని రాసి, 'ఎలా' అన్న గడి ఖాళీగా వదిలేశాడు. ఖాళీ గడి ఉంటే షీటు తిరిగి డాక్టరుకు పంపాలి. అది మా పద్ధతి. నేను పంపలేదు. నీ సంతకం చూశాను, చాలనుకున్నాను. నీ కాగితంలోంచి "వాలీబాల్ ఆటలో" అని ఆ గడిలో నేనే ఎక్కించి, 917.0 వేశాను. దాన్ని బట్టే గాయం సర్టిఫికెట్టు ఇచ్చారు.

నాగులమ్మ, అదే, చిన్నబ్బ భార్య, సర్టిఫికెట్టు కోసం నా బల్ల దగ్గరికి వచ్చింది. నేను నీ చెల్లెలినని చెప్పాను, సంతోషపడుతుందని. ఆమె కాగితం తీసుకుని, నా మొహంలోకి చూసి వెళ్ళిపోయింది.

ఒక్క సంగతి చెప్పు. వాలీబాల్‌లో చెయ్యి మొత్తం ఎలా నలుగుతుంది?

జ్ఞానం


ఫ్యాక్టరీ కాలనీ,
8 మార్చి 1982

జ్ఞానాకు,

కోర్టు చదును చేసే రాతి రోలరు దొర్లి చేతి మీద పడింది. చాలా? మీ గడిలో పట్టే మాటే రాయాలి కాబట్టి ఆట అని రాశాను. నువ్వు నంబరు వేసేదానివి, పోలీసువి కాదు. చేసిన పనిని మళ్ళీ తవ్వకు.

వదిన కారప్పొడి పంపింది. అందిందని రాయి.

ఆదిమూలం


తిరుపతి,
20 మార్చి 1982

కారప్పొడి అందింది.

నీ ఉత్తరం వచ్చిన రోజే 917.0 సొరుగు లాగాను. మీ ఫ్యాక్టరీ కార్డులు అన్నీ ఏరి బల్ల మీద పరిచాను. రెండేళ్ళలో ఏడుగురు. ఏడుగురికీ వాలీబాలే. ఒకడికి నాలుగు వేళ్ళు తెగాయి. ఒకడికి మోచెయ్యి మాంసం ఊడింది. ఇంకొకడికి వీపంతా ఆవిరికి ఉడికిపోయింది. వాలీబాల్‌లో వీపు ఉడుకుతుందా అన్నా? అన్నిటికీ ఆ నంబరు వేసింది నేనే. ఒక్కొక్కటిగా వచ్చినప్పుడు అనుమానం రాలేదు. ఏదో ఒక మూల నీ సంతకం ఉండేది, అది చూసి వేసేదాన్ని. గుడ్డిదాన్ని.

తేదీలు చూశాను. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి, మళ్ళీ జనవరి, మార్చి. జూన్ నుంచి నవంబరు దాకా, మీరు నిజంగా ఆడే ఆరు నెలల్లో, ఒక్కడికి గోరు కూడా లేవలేదు. గానుగ తిరిగే రోజుల్లోనే మీవాళ్ళకు ఆట గుర్తొస్తుంది కాబోలు. నెట్టు గోనెసంచిలో కట్టి అటక మీద పడేయించానని నువ్వే రాశావు. డిసెంబరు పదమూడు నాటి జాబు నా పెట్టెలోనే ఉంది. ఆ రాతి రోలరు దేన్ని చదును చేయడానికి దొర్లింది?

ఇంతవరకే అయితే మీ మేనేజరు చెప్పాడు, నువ్వు రాశావు అని సరిపెట్టుకునేదాన్ని. తర్వాత చిన్నబ్బ వాఙ్మూలం తీసి చూశాను. "నేను వాలీబాల్ ఆడుతూ నా పొరపాటు వల్ల గాయపడ్డాను." తేదీ ఫిబ్రవరి ఆరు. కింద అచ్చులో "ఎడమ బొటనవేలి ముద్ర" అని ఉంది. పైన నల్లగా, స్పష్టంగా ముద్ర ఉంది.

ఫిబ్రవరి అయిదున అతని ఎడమచెయ్యి తీసేశారు.

ఆఫీసు అలవాటు ఎంత చెడ్డదో చూడు. ఫారం ఎడమ వేలు అడిగింది, మీరు ఎడమ వేలు ఇచ్చారు. అక్కడ ఎవరికీ తట్టలేదు, మనిషికి ఆ చెయ్యి లేదని. కుట్టి ఫైలులో పెట్టిన నాకూ తట్టలేదు.

ఆ ముద్రకు అడ్డంగా తెల్లటి గీత ఉంది. కొడవలి గాటు. చిన్నప్పుడు ఆ వేలికి పసుపు అద్ది గుడ్డ కట్టింది నేనే. అది ఎవరి వేలని నన్ను అడగొద్దు, నేనూ నిన్ను అడగను.

జ్ఞానాంబ


ఫ్యాక్టరీ కాలనీ,
26 మార్చి 1982

జ్ఞానాంబకు,

నీతులు చెప్పడానికి నీకు ఫ్యాను కింద కుర్చీ ఉంది. ఆ కుర్చీ ఎవరిచ్చింది? నాయన పోయాక బి.ఎ. మధ్యలో ఆపి ఇక్కడ టైమ్‌కీపరుగా చేరింది నేను. నిన్ను వేలూరు పంపి రికార్డుల పని నేర్పించింది ఈ ఫ్యాక్టరీ జీతం. ఉప్పు తిన్నప్పుడు తీపిగానే ఉండిందే.

నిజం కావాలి కదా, విను. మిల్లు రోలర్ల ముందు ఉండాల్సిన ఇనుప రేకును జనవరిలో తీసేశారు. రేకు ఉంటే చెరకు ఆగి ఆగి పోతుందని. నేను వద్దన్నాను. మేనేజరు, "నువ్వు క్లబ్బు చూసుకో" అన్నాడు. అయిదో తేదీ ఉదయం చెరకుతో పాటు చిన్నబ్బ చెయ్యి కూడా పోయింది. యంత్రం ఆపింది నేనే. ఆ చేతిని బయటికి తీసింది నేనే. నువ్వు నంబరు వేశావు, నేను చూశాను.

ఆ మధ్యాహ్నమే మేనేజరు గదిలో కూర్చోబెట్టారు. గోడ మీద 'ప్రమాదం లేని సీజన్' అని షీల్డు, దాని కింద నేను. ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు, ప్రమాదం అని రాస్తే గానుగ ఆగుతుంది, నాలుగు వందలమంది వీధిన పడతారు అన్నారు. నేను రాయకపోతే ఇంకొకడు రాస్తాడు. నేనైతే చిన్నబ్బకు గేటు దగ్గర వాచ్‌మన్ పనైనా ఇప్పించగలను అనుకున్నాను. మాటిచ్చారు కూడా. వేలిముద్ర కావాలన్నారు. తిరుపతికి పోయి మత్తులో ఉన్న మనిషి దగ్గర తీసుకోవడానికి నాకు మనసు రాలేదు. నా వేలే వేశాను. నాకు అంతకన్నా దారి కనిపించలేదు.

ఇది చదివి కాల్చెయ్. నీ కోపం చల్లారాక రాయి, లేకపోతే రాయొద్దు.

ఆదిమూలం


తిరుపతి,
4 ఏప్రిల్ 1982

నా కోపం చల్లారలేదు. అయినా రాస్తున్నాను.

మనసు రాలేదట. బతికున్న మనిషి పేరు మీద అబద్ధం చెప్పడానికి మనసొచ్చింది, అతని ఎదుట నిలబడడానికి రాలేదు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. మీ దగ్గర ఎలుకే చెలగాటమాడింది అని కాగితం రాసిచ్చారు.

వాచ్‌మన్ పని సంగతి నీకు తెలియదనుకుంటాను, తెలిస్తే నీ ముఖం నువ్వే చూసుకోలేవు. నిన్న నాగులమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి నోరు తెరిచింది. "మీ కాగితం సూపించి పనిలోంచి తీసేస్తామంటాండారమ్మా. ఆటలో సెయ్యి పోగొట్టుకున్నోడికి మేమేం సేసేదంటారు. ఆయన యాడ ఆడినాడు? కూలికి పోయినాడు. నువ్వు రాసినావంట కదా, యాడ సూసినావు నువ్వు?" అని అడిగింది. ఆమె చేతిలో నోటీసు ఉంది. ఏప్రిల్ ఇరవైలోగా చిన్నబ్బ జవాబు చెప్పుకోవాలి, లేకపోతే పేరు కొట్టేస్తారు. పని కోసం ఇచ్చిన గుడిసె కూడా ఖాళీ చేయాలి. నోటీసులో మా ఆసుపత్రి పేరు, సర్టిఫికెట్టు నంబరు, నేను ఎక్కించిన మాటలు, అన్నీ ఉన్నాయి. మీ మేనేజరు కత్తి నూరాడు, నువ్వు పట్టుకున్నావు. పొడిచింది నా ఎర్ర సిరా.

ఆమెను కూర్చోబెట్టి, "పొరపాటు నాది" అని చెప్పాను. "పొరపాటంటే సెయ్యొస్తాదా?" అంది.

ఆమె పోయాక డాక్టరు శ్రీమన్నారాయణగారి దగ్గరికి వెళ్ళి, ఆ గడి నింపింది నేనేనని రాసిచ్చాను. నా మీద విచారణ ఉంటుంది. ఉండనీ. మా పద్ధతి ఇది: తప్పు రాసిన మాటను చెరపకూడదు, కాగితం మార్చకూడదు. పాతది కనిపించేటట్టు ఒక్క గీత కొట్టి, పక్కన సరైన మాట రాసి, డాక్టరు సంతకం చేయాలి. కానీ ఊరికే గీత కొట్టరు. "ఇది చేసింది మిల్లు అని నాకు గాయం చూస్తేనే తెలుస్తుందమ్మా. కానీ ఎదుట ఫ్యాక్టరీ వాఙ్మూలం ఉండాది. అది అబద్ధమని చెప్పే కాగితం ఒక్కటి తీసుకురా" అన్నారు.

ఆ కాగితం నా పెట్టెలో ఉంది. నీ మార్చి ఇరవై ఆరు నాటి జాబు. కాల్చలేదు. రోజూ తీస్తున్నాను, మళ్ళీ పెడుతున్నాను. చెల్లెల్ని నమ్మి రాసిన జాబు అది. నిన్ను నమ్మి నేను చేసిన పని వల్లే ఇంతా జరిగింది. ఇప్పుడు నన్ను నమ్మి నువ్వు రాసినదాన్ని ఫైలులో కుట్టాలా? కుట్టాలనే ఉంది. పధ్నాలుగో తేదీ దాకా ఆగుతాను. నీ అంతట నువ్వు నిజం రాసి పంపితే నీ జాబు నీకు తిరిగిస్తాను. పంపకపోతే పదిహేనున కుడతాను. ఫైలులో చేరిన కాగితాన్ని మళ్ళీ బయటికి తీసే పద్ధతి మాకు లేదు.

బి.ఎ. ఆపింది నాకోసమేనని నాకు తెలుసు. అందుకే ఈ పది రోజులు.

జ్ఞానాంబ


ఫ్యాక్టరీ కాలనీ,
11 ఏప్రిల్ 1982

జ్ఞానాంబకు,

నువ్వు నా చెల్లెలివి కావు అని మొదలుపెట్టి మూడు కాగితాలు చించాను. గడువు పెడతావా నాకు? నిన్ను బడికి చెయ్యి పట్టుకుని తీసుకుపోయినవాడికి? ఆ జాబు కుట్టుకుంటే కుట్టుకో, నాకు భయం లేదు అని నాలుగోది రాశాను. అదీ చించాను. ఈసారి వదిన నీ జాబు తనే తీసుకుని చదువుకుంది. రెండు రోజులు నాతో కలిసి తినలేదు. కంచం మాత్రం పెట్టింది.

నోటీసు సంగతి నాకు తెలియదు. నీ మీద ఒట్టు. మేనేజరును అడిగితే, "వాచ్‌మన్‌కు రెండు చేతులుండాలి కదయ్యా" అన్నాడు. నవ్వుతూ అన్నాడు. నా ఎదురుగానే షీల్డు తుడిపిస్తున్నాడు.

నిన్న చిన్నబ్బ గుడిసెకు పోయాను. రెండు నెలల్లో పోవడం అదే మొదలు. నాగులమ్మ నన్ను చూసి లోపలికి వెళ్ళిపోయింది. చిన్నబ్బ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. తిడతాడని సిద్ధపడే పోయాను, జ్ఞానా. తిట్టి ఉంటే తేలికయ్యేది. ముద్ర సంగతి నేనే చెప్పేశాను. వాడు అంతా విని, "ఆ ముద్ర ఏసిన ఏలు సూపించు సార్" అన్నాడు.

చూపించాను. కుడిచేత్తో నా చెయ్యి పట్టుకుని, వెలుతురుకు తిప్పి, గాటు మీద వేలు పెట్టి చూశాడు.

"ఇదెట్ల తగిలింది సార్?"

"చిన్నప్పుడు. మా నాయనతో చెరకు నరికేటప్పుడు."

"అట్లయితే నీదీ పనిలో తగిలిందే. ఆటలో కాదు" అన్నాడు. అని, నా చెయ్యి వదిలేశాడు.

అంతే. అక్కడి నుంచి ఎలా వచ్చానో నాకు గుర్తులేదు.

దీనితో విడిగా ఒక కాగితం ఉంది. అందులో రేకు ఎప్పుడు తీసింది, ఎవరు తీయమన్నది, ఆ రోజు రోలరు దగ్గర ఎవరెవరు ఉన్నది రాశాను. ఆ ఏడుగురి సంగతీ రాశాను, పేర్లతో, ఎవరికి ఎక్కడ తగిలిందో. ఇన్‌స్పెక్టరుకు ఒక ప్రతి పంపాను, చిన్నబ్బకు ఒకటి ఇచ్చాను, ఇది మీ ఫైలుకు. నీ పెట్టెలో ఉన్న జాబుతో ఏ కేసూ నిలవదు. అన్న చెల్లెలికి కోపంలో రాసిందని నవ్వుతారు. ఇదైతే నవ్వరు. నా ఉద్యోగం ఈ వారంతో సరి. వదిన సామాన్లు సర్దడం మొదలుపెట్టింది. తిరుపతిలో ఏదైనా గది చూడు. నీ ఇంటికి మాత్రం రాను, నీ మీద కోపం నాకింకా పోలేదు.

కాగితం కింద సంతకం పెట్టాను. అది చాలదని పక్కన ఎడమ బొటనవేలు ముద్ర కూడా వేశాను, గాటు బాగా పడేటట్టు అదిమి. ఫిబ్రవరి ఆరు నాటి దాని పక్కన పెట్టి మీ డాక్టరుగారిని చూడమను. సిరా ఎక్కువైంది, ఇంకా ఆరలేదు. ఆరాక మడుస్తాను.

ఆదిమూలం